ఏడాది కట్టిన నల్లబట్ట

బొలోనియా,
పునీత లూకా పండుగనాడు

ప్రియమైన గిస్లా,

నువ్వు పంపిన జున్నుముద్ద చేరింది. గాడిదల బొంపియెరో దారిలోనే ఒక మూల కొరికేశాడు. ఇదేమిట్రా అంటే ఎలుక అన్నాడు. "ఎలుకకి ఇంతింత పళ్ళుంటాయా?" అన్నాను. "ఇమోలా ఎలుకలు సామీ, మీ అత్తారి ఊరివే కదా, మీకు తెలీదా?" అన్నాడు. వాడితో వాదించి గెలవాలంటే నేను ఇంకో ఐదేళ్ళు చదవాలి.

ఇక్కడ మా గది నీటి గోళెంలా చల్లగా ఉంది. పక్క మంచం జర్మనీవాడు నిద్రలో కూడా లాటిన్‌లోనే గురకపెడతాడు. పొద్దున్నే గురువుగారి పాఠం. మేం చదివే చర్చి శాసన గ్రంథం ఎలా ఉంటుందని అడిగావు కదా. పేజీ నడుమ పెద్ద అక్షరాల్లో పోపుగారి ఆజ్ఞ ఉంటుంది. దాని చుట్టూ నాలుగు అంచుల్లోనూ చీమల్లాంటి అక్షరాలతో పండితుల వ్యాఖ్యలు. నడుమ నాలుగు వాక్యాలుంటే చుట్టూ నలభై. మా గురువుగారు ఏమంటారంటే, "చట్టం పెళ్ళికొడుకురా, వ్యాఖ్యలు పెళ్ళివారు. పెళ్ళికొడుకుని ఎవడు చూస్తాడు? హడావిడంతా వాళ్ళదే." ప్రతి వ్యాఖ్య చివరా రాసినవాడి పేరులో మొదటి అక్షరం వేస్తారు. ఏదో ఒక రోజు ఏదో ఒక అంచులో నా అక్షరం కూడా చూడాలని ఉంది. దానికి రాసుకునే తోళ్ళు కావాలి. ఇక్కడి దుకాణాల్లో తోలు ధర వింటే గుండె ఆగుతుంది. మీ నాన్నగారు చేసినట్టు పల్చగా, రెండువైపులా తెల్లగా నువ్వే చేసి పంపాలి.

అసలు సంగతికి వస్తాను. మీ నాన్నగారు పోయినప్పటినుంచి నువ్వు ఆ తోళ్ళ కార్ఖానాలో ఒంటరిగా ఉంటున్నావన్న దిగులు నన్ను చదవనివ్వడం లేదు. కొండమీద సన్యాసినుల మఠానికి పెద్దగా ఉన్న పెద్దమ్మగారు నాకు మేనత్త వరస. ఆవిడకి రాశాను. నేను వచ్చేదాకా అక్కడ ఉండు. వాళ్ళకీ తోళ్ళు నానబెట్టే సున్నపు గుంట, ఆరబెట్టే చట్రాలు ఉన్నాయి, నీ పని నీకు సాగుతుంది. ఒక్కటే మాట, అక్కడ ఉన్నన్నాళ్ళు వాళ్ళలాగే నల్లబట్ట కట్టు. రంగు గౌనుతో తిరిగితే ఊళ్ళో నాలుకలు ఊరుకోవు. నల్లబట్ట కట్టిన ఆడదాని జోలికి దొంగ కూడా రాడు. ఈస్టరు పండక్కి వచ్చి నిన్ను ఇంటికి తీసుకెళ్తాను.

నీ ప్రాణమైన,
రైనేరో

&nbsp;

కొండమీద మఠం,
పునీత మార్తీను పండుగ వెళ్ళాక

ప్రియమైన మా ఆయనగారికి,

మీ మాట ప్రకారం కార్ఖానాకి తాళం వేసి కొండెక్కాను. నాన్న పోయిన రోజు కూడా ఆ తలుపు మూయలేదు మనం. సున్నం కంపుకి అలవాటు పడ్డదాన్ని కదా, ఇక్కడ ధూపం వాసనకి మొదటి మూడు రోజులు తుమ్ముతూనే ఉన్నాను.

పెద్దమ్మగారు బాగానే చూశారు. ఆవిడే స్వయంగా నల్ల అంగీ, నల్ల ముసుగు ఇచ్చి కట్టుకోమన్నారు. కట్టుకుని కోనేటి నీళ్ళలో చూసుకుంటే నన్ను నేనే గుర్తుపట్టలేదు. ఇక్కడ పెరటి పనులన్నీ చూసే ముసలావిడ ఒకావిడ ఉంది, వెర్మీలియా. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. నన్ను చూడగానే, "ఇదేంటే, మొగుడు బతికుండగానే నల్లబట్ట కట్టావు, అపశకునం కాదూ?" అంది. "మా ఆయనే కట్టుకోమన్నారు" అన్నాను. "మొగుళ్ళు గౌను కొనిస్తారని విన్నాగానీ ముసుగు కొనిస్తారని ఇవాళే వింటన్నా" అంది. నేను నవ్వేశాను. మీరూ నవ్వుతారని రాస్తున్నాను.

బొంపియెరో చేత పన్నెండు తోళ్ళు పంపుతున్నాను. మేకపిల్లవి. వెలుగుకి పట్టుకుంటే వేళ్ళు కనిపిస్తాయి. వాటిమీద మీరు ఏం రాస్తారో చెప్పండి. నాకు లాటిన్ అర్థం కాకపోయినా, నా తోలుమీద మీ మాటలు ఉన్నాయని తెలిస్తే చాలు. ఇక్కడ సాయంత్రాలు గడవడం లేదు. భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడకూడదట. చిక్కుడు గింజల పులుసు తాగుతూ ముప్పై మంది ఆడవాళ్ళు నోరు మూసుకుని కూర్చుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మీరు గుర్తొస్తారు. తింటున్నంతసేపూ వాగుతారు కదా మీరు.

ఈస్టరు ఎప్పుడొస్తుందా అని చూస్తూ,
మీ గిస్లా

&nbsp;

బొలోనియా,
ఈస్టరు వెళ్ళిన రెండో వారం

ప్రియమైన గిస్లా,

కోపంగా ఉన్నావని తెలుసు. ఉండాలి కూడా. బయలుదేరే ముందురోజు గురువుగారు పిలిచి, శాసన గ్రంథంలో ఒక భాగానికి వ్యాఖ్య నన్నే రాయమన్నారు. నాలుగేళ్ళుగా ఆయన ఇంటి గడప అరగదీస్తున్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళని కాదని నన్ను! కాదని ఎలా అనగలను? అన్నాక మళ్ళీ ఆ గడప తొక్కనిస్తారా?

ఏ భాగం అని అడగకు. సన్యాసులు, మఠాలు, వాళ్ళ నియమాలు. ఎండు చేపలాంటి విషయం, నీకు చెబితే ఆవలిస్తావు. నీ తోళ్ళమీదే రాస్తున్నాను. కలం జారిపోతోంది, అంత నునుపు. పక్కవాళ్ళు ఎక్కడ కొన్నావని అడిగితే చెప్పడం లేదు. ఇంకో ఇరవై కావాలి, వీలైనంత త్వరగా. ఆగస్టులోపు ఇంకో ఇరవై.

శరదృతువు దాకా ఓపిక పట్టు. మఠంలో నీకు లోటేముంది? పెద్దమ్మగారు రాశారు, నువ్వు అందరిలో కలిసిపోయావట. నల్లబట్ట నీకు బాగా నప్పిందట. తీసేయడం లేదు కదా?

నీ,
రైనేరో

&nbsp;

కొండమీద మఠం,
కోతలు అయ్యాక

ప్రియమైన మీకు,

నేను రెండు ఉత్తరాలు రాశాను. రెండింటికీ జవాబు లేదు. తోళ్ళు మాత్రం అందాయని బొంపియెరో చెప్పాడు. "అయ్యగారు ఎలా ఉన్నారు?" అంటే, "కొత్త బూట్లు తొడిగారమ్మా" అన్నాడు. "నా గురించి అడిగారా?" అంటే గాడిద జీను సవరించుకుంటూ, "తోళ్ళు ఎన్ని అని అడిగారు" అన్నాడు.

మీరు అడిగిన నలభైలో ముప్పై అయిదు పంపాను. మిగతావి సున్నంలో ఉన్నాయి. పొద్దుపొడిచింది మొదలు చీకటిపడేదాకా గీకుతూనే ఉన్నాను. అరచేతులు పగిలిపోయాయి. అదేమీ బాధ కాదు, మీ పుస్తకం కోసం కదా. నల్లబట్ట సంగతి అడిగారు. మొన్న ఆదివారం పూజలో పెద్దమ్మగారి పక్కనే కూర్చోబెట్టారు, ఎలా ఉన్నానో మీరు చూడాలి.

ఒక్క సంగతి మాత్రం నాకు అర్థం కావడం లేదు. గత వారం నేను ఇంటికి వెళ్ళి కార్ఖానా ఒకసారి చూసుకుని వస్తానన్నాను. చెక్కలకి చెదలు పట్టి ఉంటుందని. పెద్దమ్మగారు, "మీ ఆయన మాట లేకుండా పంపలేనమ్మా" అన్నారు. "నా ఇంటికి నేను వెళ్ళడానికా?" అంటే, "ఇంకొన్నాళ్ళే కదా" అన్నారు. ఎన్నాళ్ళు, దేనికి అంటే నవ్వి వెళ్ళిపోయారు. మీరు ఒక్క ముక్క రాయండి ఆవిడకి. లేదా మీరే వచ్చేయండి. నాకు మిమ్మల్ని చూడాలని ఉంది. అలా రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

మీ గిస్లా

&nbsp;

బొలోనియా,
పునీత కేతరీనా పండుగనాడు

క్రీస్తునందు ప్రియమైన సోదరి గిస్లాకు,

మీకు శాంతి కలుగుగాక.

దేవుని దయవల్ల గత శనివారం బిషప్‌గారి చేతులమీదుగా నాకు గురుపట్టం లభించిందని, ఇక నేను చర్చి ఫాదర్‌నని సంతోషంతో తెలియజేస్తున్నాను. పెద్దగుడిలో శాస్త్రం బోధించే స్థానం కూడా ఇస్తున్నారు. పెళ్ళయినవాడికి ఆ స్థానం ఇవ్వరు. భార్య సన్యాసం స్వీకరిస్తేనే భర్త ఫాదర్ కావచ్చునని శాసనం.

మీరు సన్యాసం స్వీకరించారు. ప్రమాణం ఎప్పుడు చేశానని మీరు అడగవచ్చు. సన్యాసినుల నల్లబట్ట తెలిసి తెలిసి ఏడాది కట్టినవారు నోటితో ప్రమాణం చేయకపోయినా చేసినట్టే. ఇది నా మాట కాదు, గ్రంథం నడుమ పెద్ద అక్షరాల్లో ఉన్న మాట. లోకంలో మౌనం అర్ధాంగీకారం అంటారు, మా శాస్త్రంలో పూర్తి అంగీకారమే. ఆ ఏడాది ఎడతెగనిదై ఉండాలా అన్నదానిమీద పూర్వపు పండితులు తలోమాట అన్నారు. ఉండాలి, మధ్యలో బట్ట విడిస్తే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది అని నేను వ్యాఖ్య రాశాను. గురువుగారు తరగతిలో చదివి వినిపించి, ఇకమీదట ఇదే సిద్ధాంతం అన్నారు. నా వ్యాఖ్యను ఇప్పుడు నగరంలో సగంమంది అద్దెకు తీసుకుని నకలు రాసుకుంటున్నారు. మార్తీను పండుగతో మీకు ఏడాది నిండింది.

బాధపడకండి. మీరు ఎంత పవిత్రమైన జీవితంలోకి వచ్చారో ఆలోచించండి. కార్ఖానా మఠానికి చెందుతుంది. ఇక నన్ను 'మా ఆయన' అని సంబోధించడం తగదు.

మీ సోదరుడు,
ఫాదర్ రైనేరో

&nbsp;

కొండమీద మఠం,
డిసెంబరు

రైనేరో,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఎవరికో రాసింది పొరపాటున నాకు వచ్చిందనుకున్నాను. 'మీరు' అన్నావు! ఎనిమిదేళ్ళు ఒకే కంచంలో తిన్నవాడివి, జ్వరం వచ్చినప్పుడు నా ఒళ్ళో తల పెట్టుకుని 'ఒసేయ్ గిస్లా, చచ్చిపోతానేమోనే' అని ఏడ్చినవాడివి. ఇకమీదట ఆ 'మీరు' నువ్వే ఉంచుకో. నేను నువ్వనే అంటాను.

నా దిగులు నిన్ను చదవనివ్వలేదన్నావు. దొంగలన్నావు. ఊరి నాలుకలన్నావు. ఏ మాటా నిజం కాదు. నేను కొండెక్కిన రోజునుంచీ నువ్వు రోజులు లెక్కపెట్టుకుంటున్నావు. నేనూ లెక్కపెట్టుకున్నాను, నువ్వు వచ్చే రోజు కోసం. తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఏమిటో మా అమ్మ చెబుతుండేది, ఇప్పుడు తెలిసింది. కోస్తున్నంతసేపూ చల్లగా ఉంది.

నన్ను వదులుకోవాలని ఉంటే ఇంటికి వచ్చి, నా మొహం చూసి, 'నాకు నీకన్నా ఆ స్థానమే ముఖ్యం' అని చెప్పి ఉంటే ఏడ్చేదాన్ని, తిట్టేదాన్ని. చివరికి 'పో' అని కూడా అనేదాన్నేమో. అడగనే లేదు నువ్వు. అడిగితే కాదంటానని కాదు, అడగాల్సిన మనిషినని నీకు అనిపించలేదు. అదీ నాకు మండుతున్నది. ఆ వ్యాఖ్య రాసుకోవడానికి తోలు గీకి పంపినదాన్ని నేను. నన్ను కట్టేసే తాడుని నా చేతే పేనించావు కదా, ఎలా వచ్చిందిరా నీకు ఆ బుద్ధి?

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు పెద్దమ్మగారు అందర్నీ పిలిచి, నేను ఇక వాళ్ళలో ఒకదాన్నని చెప్పి దీవించబోయారు. నేను లేచి నిలబడి, ప్రమాణం చేయలేదు, చేయను, నాకు మొగుడున్నాడు అని గుడి పైకప్పు అదిరేలా అరిచాను. ముప్పై మందీ ఒక్కసారిగా మాట్లాడారు, గుడిలో అలా జరగడం పదేళ్ళలో మొదటిసారట. మా బిషప్‌గారి దగ్గరికి కబురు పంపాను. ఆయన తన న్యాయాధికారిని విచారణకి పంపుతానన్నారు.

గిస్లా

&nbsp;

బొలోనియా,
ముగ్గురు రాజుల పండుగ వెళ్ళాక

నా గిస్లా,

విచారణ అని విన్నప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు. ఏం చేశావే? నేను చేసింది తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ ఒక్కసారి నా వైపునుంచి చూడు. తోళ్ళవాడి అల్లుడిగా ఎవడూ నన్ను పట్టించుకోలేదు. నలభై ఏళ్ళు వచ్చేస్తున్నాయి. ఒక్క తలుపు తెరుచుకుంది, దానికి నువ్వు అడ్డు. అడ్డు అంటే తప్పుగా అనుకోకు, చట్టం అలా ఉంది, నేను రాసింది కాదు.

అడిగి ఉంటే నువ్వు ఏడ్చేదానివి. నువ్వు ఏడిస్తే నేను చేయలేకపోయేవాణ్ణి. అందుకే అడగలేదు. అది ప్రేమ కాదా?

న్యాయాధికారి వచ్చినప్పుడు ఒక్క మాట అను, చాలు: 'ప్రమాణం చేస్తున్నాను' అని. నిన్ను రాతగదికి పెద్దని చేయమని పెద్దమ్మగారితో మాట్లాడతాను. ఏటా రెండుసార్లు వచ్చి చూస్తాను. ఆ మాట నువ్వు అనకపోతే నేను ఏమవుతానో నీకు తెలీదు. పట్టం తీసుకున్నవాడు, భార్య ఉన్నవాడు, అటూ ఇటూ కానివాణ్ణి చేసి వీధిలో నవ్వుతారు. నేను కాళ్ళు పట్టుకుంటున్నాననుకో.

ఎప్పటికీ నీ,
రైనేరో

&nbsp;

ఇమోలా, మా నాన్న కార్ఖానా,
ఈస్టరుకి ముందరి తపస్సుకాలం, రెండో వారం

రైనేరో,

'ప్రియమైన' అని రాయబోతే చెయ్యి ఆగిపోయింది. ఎక్కడినుంచి రాస్తున్నానో పైన చూశావు కదా. జరిగింది మొత్తం చెబుతాను, కోర్టు కాగితంలో ఇవన్నీ ఉండవు.

న్యాయాధికారి ముసలాయన. ఆయన కంచరగాడిద మీద ఆయన ఒకవైపు, శాసన గ్రంథం ఒకవైపు ఎక్కి వచ్చారు. పెద్దమ్మగారిని అడిగితే, "నల్లబట్ట నా చేత్తో నేనే ఇచ్చాను, తనే కట్టుకుంది" అన్నారు. నిజమే కదా. నన్ను ప్రమాణం చేశావా అంటే లేదన్నాను. "నువ్వు చెప్పకపోయినా బట్ట చెబుతుందమ్మా" అన్నారాయన, జాలిగానే. ఇక జీవితమంతా ఆ చిక్కుడు గింజల పులుసే అనుకున్నాను.

అప్పుడు వరసలో వెర్మీలియా వంతు వచ్చింది.

"ఈమె ఏడాదిపాటు నల్లబట్ట కట్టిందా?" అన్నారు.

"కట్టింది సామీ. ఆదివారాలూ పండగలూ."

"మిగతా రోజులు?"

"మిగతా రోజులు సున్నపు గుంటలో కదా దీని బతుకు!"

"బట్ట సంగతి అడుగుతున్నానమ్మా."

"నేనూ దాని సంగతే చెప్తన్నా. నల్ల ఉన్నితో సున్నంలోకి దిగితే మూడ్రోజుల్లో జల్లెడైపోద్ది. కొత్తది ఎవరిస్తారు, మీ బిషప్పుగారా? వచ్చిన మర్నాడే ఆ ముసుగు పీకించి పనోళ్ళ గోనెచొక్కా తగిలించా. ఏడాదంతా అదే. చూస్తారా? ఇంకా దండెం మీదే ఉంది, కంపు కొడతా."

పెద్దమ్మగారి మొహం తెల్లబోయింది. ఆవిడ సున్నం వాసన పడక ఏడాదిలో ఒక్కసారీ పెరట్లోకి రాలేదు. ఆదివారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అదే ఏడాది అనుకున్నారు. న్యాయాధికారి పుస్తకం తెరిచి చాలాసేపు అంచులో నీ వ్యాఖ్య చదివి, "ఎడతెగని ఏడాది అంటున్నారు. ఇక్కడ ఎడతెగని వారం కూడా లేదు" అని మూసేశారు. పనికి బట్ట మార్చుకోవడం కూడా 'విడవడమే' అవుతుందని అప్పటిదాకా నాకే తట్టలేదు. నేను సన్యాసిని కాను. నీ భార్యని.

నాకు ఆ గోనెచొక్కా ఎందుకు వచ్చిందో ఆలోచించావా? మఠానికి ఏడాదికి పది తోళ్ళు చాలు, అది ఒక నెల పని. మిగతాదంతా నీ పనే. నువ్వు ఇరవై కావాలన్న ప్రతిసారీ, ఇంకో ఇరవై అన్న ప్రతిసారీ, నేను నల్లబట్ట విప్పి గుంటలోకి దిగాను. నువ్వు కొంచెం తక్కువ ఆశపడి ఉంటే నేను ఈపాటికి సన్యాసిని.

తరవాత ఆయన నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి చెప్పారు. "అమ్మా, నీకు మూడు దారులున్నాయి. ఇప్పుడు ప్రమాణం చేస్తే అతను బతికిపోతాడు. ఏమీ అనకుండా ఊరుకుంటే, అతని మానాన అతను ఉంటాడు, ఎవరూ కదిలించరు. నా భర్త నాకు కావాలని అడిగితే మాత్రం అతను నీ దగ్గరికి రావాల్సిందే. పట్టం పోదు, కానీ పూజ చేయకూడదు, ఆ స్థానం ఉండదు. ఆలోచించుకో."

వెర్మీలియా తలుపు దగ్గరనుంచే, "ఆ ఎదవని తెచ్చుకుని ఏం చేసుకుంటావే? వదిలేయ్, పీడా పోద్ది" అంది.

నిజం చెబుతున్నాను, నువ్వు నాకు అక్కర్లేదు. ఏడుపు మాత్రం ఆగడం లేదు, ఎవరికోసం ఏడుస్తున్నానో నాకే తెలీదు. ప్రమాణం చేద్దామంటే దేవుడితో అబద్ధం ఆడినట్టు అవుతుంది. పోనీ ఊరుకుందామా అనుకున్నాను. పొద్దున్న లేచేసరికి ఆ ఊరుకోవడం కూడా నువ్వు ఒప్పుకోవడం కింద రాసేసుకుంటావని అనిపించింది. నోరు మూసుకున్న ఆడదాన్ని మీ పుస్తకాల్లో ఎన్ని రకాలుగా చదవచ్చో నువ్వే నేర్పావు. అందుకని ఆయన కళ్ళలోకి చూసి, గుమాస్తాకి వినపడేలా, "నా భర్త నాకు కావాలి" అన్నాను. రెండోసారి అడిగారు. రెండోసారీ అదే చెప్పాను.

ఈ ఉత్తరంతోపాటే ఆజ్ఞ కూడా నీకు అందుతుంది. బొంపియెరో గాడిద ఒకటి ఖాళీగా ఉంచమన్నాను, నీ సామాను దానిమీద వేసుకుని రా. పుస్తకాలు తెచ్చుకుంటావో అమ్ముకుంటావో నీ ఇష్టం. చెక్కలకి చెదలు పట్టలేదు, నేనే అనవసరంగా భయపడ్డాను. తోళ్ళు నానబెట్టాను. గీకుడు కత్తి పట్టడం నీకు రాదు, నేర్చుకుంటావు. నీకు పక్క వెనక గదిలో వేశాను. ఆ గదికి వేరే తలుపు లేదు. పొద్దున్నా సాయంత్రమూ నేను పనిచేసుకునే చోటునుంచే, నా మొహం చూస్తూ వెళ్ళాలి, రావాలి.

నీ భార్య,
గిస్లా